ఎర్రకారు, వీరుడి రాయి

తిరుత్తణి
12-11-1956

బుడ్డోడా,

నీ కార్ల షెడ్డులో పనివాళ్ళు నిన్ను అరవంలో ముదలాళీ, యజమాని అంటారంట. అననీ. అమ్మ పోయినప్పుడు నా నడుం మీద ఉన్నోడివి. శ్రీ కోదండరామ గారికి అని రాయమంటే నా చెయ్యి రాయదు. నాది మూడో క్లాసు చదువు, అక్షరాలు వంకర పోతాయి, సర్దుకుని చదువుకో.

మా జయరాముడు కష్టపడినాడని నువ్వు మెచ్చి ఇచ్చిన ఫారిన్ చేతిగడియారం వాడు నా దగ్గర దాచమని పంపించినాడు కదా, అది ఆగిపోయింది. తప్పు నాదేరా. పాలు పిండి, పేడ చెయ్యి కడుక్కోకుండా దాన్ని తీసి చూసినాను. దొరల సామాను కదా, మైల తగిలింది. తరవాత తలకు పోసుకుని, సాంబ్రాణి పొగ వేసి, దాని ముందర దణ్ణం పెట్టుకున్నాను కూడా. నడవలేదు. సుందరరాజులు బావ వచ్చి, "ఏం వజ్రమ్మా, మీ తమ్ముడి ఫారిన్ గడియారంలో టైమెంత?" అన్నాడు ఎగతాళిగా. ఎండ చూసి పదకొండున్నర అని చెప్పేసినాను. మా ఆయన పోయినాక ఇంటి పెద్ద ఆయనే, ఆయన దగ్గర నువ్వు తక్కువ కాకూడదని.

జయరాముణ్ణి నీ చేతిలో పెట్టి రెండేళ్ళవుతా ఉండాది. చెనక్కాయ చేలో వాడికి మనసు నిలవలేదు, రేకూ సుత్తీ అంటే ప్రాణం. మేనమామ దగ్గరుంటే నా దగ్గరున్నట్టే అని పంపినాను. వాడికి తలకి నూనె పెట్టుకోమని చెప్పు. మరదలు మునిలక్ష్మిని అడిగినట్టు చెప్పు. మీ కాంచన పెద్దదవుతా ఉండాది, రేపు మా ఇంటికి కోడలుగా రావాల్సిన పిల్ల, దానికి రెండు కట్టలు చెరకు పంపుతా ఉన్నాను.

నీ అక్క
వజ్రమ్మ

*

తిరువళ్ళూరు
21-11-1956

అక్కకు కోదండరామ నమస్కారములు.

ఇక్కడ అందరమూ క్షేమం. గడియారానికి మైలేమిటి అక్కా! అవి సున్నితమైన సామాన్లు, మన చేతులు మోటు. వచ్చే మనిషి చేతికిచ్చి పంపు, సరిచేయించి ఇస్తాను. మీ ఊరి గడియారాల మనిషికి మాత్రం చూపించవద్దు. వాళ్ళకి ఫారిన్ గడియారం విప్పడం రాదు, పాడుచేస్తారు.

జయరాముడి సంగతి. నేను పదేళ్ళకు నేర్చింది వాడు ఏడాదిలో నేర్చినాడు. రేకు వాడి చేతిలో దోశ మాదిరి మడత పడుతుంది. ఇప్పుడు షెడ్డులో ఇంగ్లీషు రేసుకారు ఒకటి ఉంది. రెండే సీట్లు, పైన కప్పు లేదు, ముక్కు చేప మాదిరి ఉంటుంది. మదరాసులో ద్వారకనాథ్ అని పెద్ద ధనవంతుడు, ఆయన కోసం. ఓడలో వచ్చింది, చిన్న చిన్న రిపేర్లు చేస్తున్నాం. ఇది ఆయన చేతికి అందితే మదరాసు పెద్దమనుషులంతా మన షెడ్డు ముందర వరసకడతారు. అప్పుడు బోర్డు మీద నా పేరు పక్కన వాడి పేరు రాయిస్తాను. మాట.

చెరకు అందింది. కాంచన ఒక్క గడ కూడా ఎవరికీ ఇవ్వలేదు.

ఇట్లు,
కోదండరామ

*

తిరుత్తణి
9-12-1956

బుడ్డోడా,

జయరాముడు వచ్చి రెండు రోజులుండి పోయినాడు. చేతులనిండా బొబ్బలు. వెన్న పూసి కట్టుకట్టినాను. తింటా తింటా ఒకటే కబుర్లు. ఇంత సంతోషంగా వాణ్ణి వాళ్ళ నాయన ఉన్నప్పుడు చూసినాను, మళ్ళా ఇప్పుడే.

నువ్వు నాకు ఓడలో వచ్చింది అని రాస్తివే, నేను వాణ్ణి, "ఓడలో నుంచి కారును ఎట్ల దించుతారురా?" అని అడిగినాను. వాడు పొరబోయేట్టు నవ్వినాడు. "అమ్మా, అది ఓడ మొహం చూసింది లేదు. లోపల యుద్ధకాలం నాటి ముసలి జీపు. పైన దొరసాని."

"మరి మీ మామ ఫారిన్ అన్నాడే?"

"బొమ్మ ఫారిన్దిలేమ్మా. పుస్తకంలో బొమ్మ చూసి నేనే కొట్టినాను. ఆ ద్వారకనాథ్ వచ్చి నిమిరి నిమిరి చూసి, ఇంగ్లీషోడి చెయ్యే చెయ్యి అన్నాడు. నేను పక్కనే చీపురు పట్టుకుని నిలబడుండాను."

నాకూ నవ్వొచ్చిందిరా, కాదనను. నా కొడుకు చెయ్యిని దొరల చెయ్యి అనుకున్నారంటే ఏ తల్లికి గర్వముండదు? తరవాత పడుకున్నాక మనసు కలుక్కుమనింది. డబ్బిచ్చేవాడికి ఇది ఫలానాది అని చెప్పి ఇవ్వద్దా? నీకు తెలియంది కాదు.

ఇంకొకటి. "బాగా ఆగుతుందా?" అంటే, "తొక్కితే ఆగదమ్మా, మొక్కితే ఆగుతుంది" అన్నాడు. నవ్వుతానే అన్నాడు. నాకు నవ్వు రాలేదు. పైన రేకు బరువయిందంట, పాత బ్రేకులు పట్టడం లేదంట. అది చూడు ముందర.

గడియారం వాడి చేతే పంపినాను.

నీ అక్క
వజ్రమ్మ

*

తిరువళ్ళూరు
3-1-1957

అక్కకు,

జాబు చదివి భయపడినాను. ఈ మాట సుందరరాజులు బావతో గాని ఎవరితో గాని అన్నావా? అనకు. పోస్టు కార్డు మీద ఇట్లాంటివి రాస్తారా? పోస్టుమ్యాన్ తెలుగు చదువుతాడు. ఇకమీద కవర్లో పెట్టి అంటించి పంపు.

ఇందులో ఎవరి కడుపూ కొట్టడం లేదు. ఆయనకి కావలసింది నలుగురూ తిరిగి చూడడం. తిరిగి చూస్తారు. సెంటు సీసాలు, పెన్నులు, గడియారాలు, ఫారిన్ అని మదరాసులో అమ్మేవన్నీ ఓడ దిగినవే అనుకుంటున్నావా? జనం పేరు కొంటారక్కా, సామాను కొనరు. నా షెడ్డులో ఎనిమిది కుటుంబాలు తింటున్నాయి.

బ్రేకులు చూస్తాను. సంక్రాంతి దాటినాక తై నెలలో కారు ఇచ్చేస్తాం. వాడు చిన్నపిల్లాడు, గోరంతది కొండంత చేసి చెబుతాడు.

ఇట్లు,
కోదండరామ

*

తిరుత్తణి
24-2-1957

బుడ్డోడా,

జయరాముడు పోయినాక నేను కాగితం పట్టుకోవడం ఇదే. అక్షరాలు కనపడడం లేదు, ఏం రాస్తానో ఏమో.

తై అమావాస్య రోజు పూండి రోడ్డులో ఆ కారుతో కల్వర్టుకి గుద్దుకున్నాడన్నారు. నువ్వే తెచ్చినావు వాణ్ణి ఇంటికి. నీ చొక్కానిండా వాడి రక్తముండింది. అప్పుడు నేను నిన్ను ఏమీ అడగలేదు. నువ్వు ఏడుస్తా ఉంటే నీ తల నిమిరినాను. గుర్తుందా? ఆ పొద్దు నా ఒళ్ళో నా కొడుకు తలా నీ తలా రెండూ ఉండాయి.

వచ్చిన వాళ్ళందరికీ నువ్వు ఒకే మాట చెప్పినావు. తాళం అడగకుండా తీసుకుపోయినాడు, కారు మోజులో పోయినాడు, నాకు తెలీదు అని. నా చెవులో పడింది. దుఃఖంలో ఏదో అంటా ఉండాడులే అనుకున్నాను.

ఇప్పుడు ఆ మాట చేసిన పని చూడు. మా వంశంలో పెళ్ళికాకుండా, ఆయుసు తీరకుండా పోయిన మగపిల్లలకి మామిడితోపు గట్టున రాయి నిలబెట్టి వీరుడని మొక్కుతాం, నీకు తెలుసు. మా ఆయన చిన్నాయన పాముకాటుకి పోతే రాయి ఉండాది. మా మరిది బావిలో పడి పోతే వాడికీ ఉండాది. కొత్త గుడ్డ కట్టి, వాళ్ళు ఇష్టపడి తినేది వండిపెట్టి, ఏడాదికొకసారి పిలుస్తాం. రాయి లేనోడు ఇల్లు తెలియక తిరుగుతా ఉంటాడంటారు. నా బిడ్డకి రాయి అడిగితే సుందరరాజులు బావ తల అడ్డంగా ఊపినాడు. "వజ్రమ్మా, పామూ బావీ వేరు. వీడు ఒకరి సొత్తు ఎత్తుకుని పరిగెత్తా పోయినాడు. దొంగని తెచ్చి వీరుళ్ళ పక్కన పెడితే ఆ పెద్దలు ఒప్పుతారా?" అన్నాడు. దొంగ అన్నాడురా. గట్టు మీద పదిమంది ఉండారు. ఒక్కరూ కాదనలేదు. ఏడుస్తా నేను కాదంటే, తల్లివి నువ్వు అట్లే అంటావు, మేనమామని వచ్చి చెప్పమను అన్నారు.

మేనమామ గుడ్డ తెచ్చి, మొదటి చెంబు నీళ్ళు పోస్తేనే రాయి నిలబడేది. నువ్వు రా. వచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పు. నాకు ఇంకేమీ వద్దు. నా కొడుక్కి రాయి నిలబెట్టించు.

వజ్రమ్మ

*

తిరువళ్ళూరు
4-3-1957

అక్కకు,

నీ జాబు చదివి అన్నం సయించలేదు. సుందరరాజులు బావకి ఇంత రాతిగుండె ఉందని అనుకోలేదు.

కాని అక్కా, నేను వచ్చి ఏం చెప్పాలి? జరిగింది చెప్పినాను. పోలీసు స్టేషనులోనూ అదే చెప్పినాను, రాసుకున్నారు, నేను సంతకం పెట్టినాను. ఇప్పుడు మాట మారిస్తే కేసు తిరగబడుతుంది. కారుకి కాగితాలు సరిగ్గా లేవు. ద్వారకనాథ్ గారు ఫారిన్ కారు పోయిందనే దుఃఖంలో ఉన్నారు, లోతుకు పోలేదు. పోతే షెడ్డు మూత పడుతుంది, నేను జైలుకి పోతాను. నేను జైలుకి పోతే జయరాముడు తిరిగి వస్తాడా?

కొన్నాళ్ళు ఓర్చుకో. కేసు మూసేస్తారు. తరవాత బావతో నేను మెల్లగా మాట్లాడుతాను. నీ ఇంటికి ఏం కావాలన్నా నేనున్నాను.

కాంచన నాతో మాట్లాడడం మానేసింది. తన బావ జయరాముడు పోయినాడని దిగులు. చిన్నపిల్ల.

ఇట్లు,
కోదండరామ

*

తిరుత్తణి
12-3-1957

బుడ్డోడా,

నీ జాబు నాలుగు మాట్లు చదివినాను. ఒక్క మాట దొరుకుతుందేమో అని. దొరకలేదు.

నేను చదువుకోనిదాన్ని, పోలీసు మాటలు తెలియవు. మన ఇంటి మాటలు తెలుసు. ఒకటి అడుగుతాను చెప్పు. వాడు పోయింది అమావాస్య రోజు. మన తెలుగోళ్ళ ఇళ్ళల్లో అమావాస్య పూట కొత్త చీపురు కూడా ముట్టరు. నీ ఊళ్ళో అరవం వాళ్ళకి తై అమావాస్య మంచి రోజు, వీరరాఘవస్వామి దర్శనానికి జనం జనంగా వస్తారు, కొత్త బండి కొంటే ఆ రోజే గుడి ముందర నిమ్మకాయలు తొక్కిస్తారు. వాళ్ళ పద్ధతి వాళ్ళది. నా కొడుకు పద్ధతి నేను నేర్పింది. పోయినేడు వాళ్ళ నాయన మాసికానికి నేను కొత్త చెప్పులు కొనిపెడితే, ఆ రోజు అమావాస్య అని కాలికి తొడుక్కోలేదు. చిత్తిరి నెల ఎండలో సంతదాకా ఒట్టికాళ్ళతో పోయి, కాళ్ళు బొబ్బలెక్కి వచ్చినాడు. "చెప్పులకు కూడా అమావాస్య ఏందిరా?" అని నేనే తిట్టినాను. "నువ్వే కదమ్మా నేర్పినావు" అన్నాడు.

ఆ పిల్లోడు, తనంతట తానే, అమావాస్య రోజు, కొత్తకారు తాళం తీసుకుని ఊరేగినాడా? వాడు చెయ్యడు. పెద్దవాళ్ళెవరో పొమ్మన్నారు, కాదనలేక పోయినాడు. వాడు కాదనలేని పెద్దవాళ్ళు ఆ ఊళ్ళో ఎవరుండారు? ఒక్కడే ఉండాడు.

ఆ ద్వారకనాథు అమావాస్యకి కారు కావాలన్నాడు, ఔనా? గుడి ముందర పూజ చేయించాలన్నాడు. నువ్వు ముందు ఒకసారి నడిపి చూసి రమ్మన్నావు. బ్రేకు పట్టదని వాడు చెప్పే ఉంటాడు. నువ్వేమన్నావో అది మాత్రం నాకు కనిపించడం లేదు.

కాంచన దిగులుతో మాట్లాడడం లేదని రాసినావు. దిగులుంటే తండ్రి దగ్గర ఏడుస్తుందిరా. తండ్రితోనే ఎందుకు మాట మానేస్తుంది? దాన్ని నేను అడగను. దాని చేత చెప్పించి నీ పరువు తియ్యను. నువ్వు చెప్పు.

వజ్రమ్మ

*

తిరువళ్ళూరు
23-3-1957

అక్కా,

ఇంత మాట రాస్తావనుకోలేదు. నేను వాణ్ణి చంపినానా? వాడు నాకు మేనల్లుడు కాదు, కొడుకే. నా కొడుకని నలుగురికీ చెప్పుకున్నాను. ఈ కాలం పిల్లలు అమావాస్య చూస్తారా? నీ ముందర ఒకటి, ఊళ్ళో ఒకటి. తల్లులందరికీ తమ పిల్లలు తెలుసనే అనిపిస్తుంది.

మునిలక్ష్మి ఈ జాబు చూసి ఏడ్చింది. ఆడపిల్లను పెట్టుకుని ఉన్నాం, తండ్రి జైలుకి పోతే దాన్ని ఎవరు చేసుకుంటారు అంటుంది. ఆ మాటకు జవాబు నువ్వే చెప్పు.

కోపం లేదు నాకు. వాడి గుర్తుగా వెండితో ముఖకవచం ఒకటి కొన్నాను, గుడివీధిలో. రేపు రాయి నిలబెట్టినప్పుడు దానికి తొడగవచ్చు. మంచి వెండి. చెరకు లారీ మనిషి చేత పంపుతున్నాను, అందిందని రాయి.

కోదండరామ

*

తిరుత్తణి
6-4-1957

బుడ్డోడా,

ఉగాది వచ్చి పోయింది. పొయ్యి వెలిగించలేదు.

కవచం అందింది. కళ్ళూ ముక్కూ మీసమూ అన్నీ ఉండాయి. వాడికి మీసం ఇంకా సరిగ్గా రాలేదురా. పోనీ, ఎదురుగా పెట్టుకుందామని చింతపండు వేసి తోమినాను. తెల్లదనమంతా పులుసులో దిగి, లోపల ఇత్తడి బయటపడింది. నువ్వు తెలిసే పంపినావో, నిన్నే ఎవరైనా మోసం చేసినారో నాకు తెలియదు. నిన్ను మోసం చేసినారని నమ్మాలని ఉండాది. తిరిగి అదే లారీలో పంపినాను. ఇంకేమీ పంపవద్దు. గడియారమూ వద్దు, వెండీ వద్దు.

నేను తిరువళ్ళూరు వచ్చినాను, నీకు చెప్పలేదు. అరక్కోణంలో బండి మారి వచ్చినాను. మీ ఇంటికి రాలేదు, మునిలక్ష్మి ఏమీ అనుకోవద్దను. పోలీసు స్టేషను వెనక ఆ కారుందని చెప్పినారు, చూడాలనిపించింది. నా కొడుకు ఆఖర్న కూర్చున్న చోటు కదా.

దానికి మేకను కట్టేసుండారు. ముక్కు మొత్తం లోపలికి పోయింది. ఎండకి ఎర్రరంగు పెచ్చులు లేచింది. పెచ్చు కింద నీలం. నీలం మీద తెల్ల అక్షరాలు, తలకిందులుగా. కిరసనాయిలు పీపా మీది అక్షరాలురా. మన ఊరి అంగట్లో పీపా మీద చూసి చూసి నాకు తెలుసు. ముసలి జీపుకి పీపా రేకు కొట్టి, రంగు పూసి, దొరలది అని చెప్పి అమ్మినావు. నా కొడుకు దానికి బలయ్యి, పైగా దొంగ అనిపించుకున్నాడు. పీపా రేకు దొంగ!

వెనకపక్క దెబ్బ తగల్లేదు. అక్కడ అరచెయ్యి పెట్టి ఈ కొస నుంచి ఆ కొసదాకా నిమిరినాను. ఒక్క సుత్తిదెబ్బ కూడా చేతికి తగల్లేదు. అంత నున్నగా కొట్టినాడు. దొంగతనం చేసేవాడు అట్లా పని చెయ్యడురా.

పోలీసాయన వచ్చి, "ఎవరమ్మా నువ్వు?" అన్నాడు. "ఆ పిల్లోడి అమ్మను" అన్నాను. పాపం, మంచాయన. కుర్చీ వేసి నీళ్ళిచ్చినాడు. "ఫారిన్ కారమ్మా, ఇట్లాంటిది ఈ జిల్లాలోనే లేదు, అందుకే కుర్రాడికి ఆశ పుట్టింది" అన్నాడు. అక్షరాలు ఆయన కాళ్ళ ముందరే ఉండాయి. చూపించాలంటే ఒక్క వేలు చాలు.

నేను చూపించలేదు. నీళ్ళు తాగి వచ్చేసినాను. బండిలో కూర్చున్నాక, ఎందుకు చూపించలేదే దౌర్భాగ్యురాలా అని నన్ను నేనే తిట్టుకున్నాను. నడుం మీద మోసినోణ్ణి నా వేలితో జైలుకి పంపలేను. కాని నువ్వు నీ నోటితో చెప్పచ్చు. పోలీసుకి చెప్పకపోతే పో. మా గట్టు మీద పదిమంది ముందర చెప్పు. మా ఊరు ఆంధ్రాలో ఉండాది, నీ మదరాసు పోలీసుల దగ్గరికి ఎవడూ పోడు. పొమ్మన్నది నేను, వాడు దొంగ కాదు, అంతే. రెండు మాటలు.

వజ్రమ్మ

*

తిరువళ్ళూరు
17-4-1957

అక్కా,

నువ్వు వచ్చిపోయినావని చదివి చాలాసేపు షెడ్డులోనే కూర్చుండిపోయినాను. ఇంటికి రాకుండా పోయినావే.

కవచం వెండి అనే కొన్నాను. ఒట్టు. అమ్మినవాడు నన్ను మోసం చేసినాడు.

నువ్వు రాసినదానికి నేను కాదని రాయడం లేదు. ఔనని కాగితం మీద రాయలేను. చిత్రా పౌర్ణమికి వస్తాను. గుడ్డ నేనే తెస్తాను. పెద్దల ముందర నోరు విప్పుతాను. నీ కొడుక్కి రాయి నిలబెట్టిస్తాను, నిలబెట్టకుండా మీ ఊరు దాటను. బావకి చెప్పి ఉంచు.

నీ తమ్ముడు
కోదండం

*

తిరుత్తణి
28-4-1957

బుడ్డోడా,

నువ్వు కోదండం అని సంతకం పెట్టినావు. ఎన్నాళ్ళకు!

సుందరరాజులు బావకి చెప్పినాను. "మేనమామ వచ్చి చెబితే నాకేం కక్ష, నా తమ్ముడి కొడుకే కదా" అన్నాడు. రాయి చూసినాను. కొండకింద రాళ్ళు కొట్టేవాళ్ళ దగ్గర ఒకటుండాది, మోకాలెత్తు, చెక్కనక్కరలేదు, దానంతట అదే నిలబడినట్టుంటుంది. ఆ పొద్దుకి వాడికి ఇష్టమని ఉలవచారూ, చెనక్కాయ పొడీ, బెల్లం బూరెలూ చేస్తాను. వాడు పోయినాక బియ్యం కడగాలంటే ఈ పూటే చేతులు వచ్చినాయి.

పోలీసుకి చెప్పమని నేను ఇంక అడగను. కాంచన బతుకు నాకూ ముఖ్యమే. మునిలక్ష్మిని భయపడవద్దను. మా గట్టు మీద పలికినది గట్టు దాటదు. పిల్లనీ తీసుకురా.

ఎండగా ఉంటుంది, గొడుగు తెచ్చుకోండి.

నీ అక్క
వజ్రమ్మ

*

తిరుత్తణి
17-5-1957

బుడ్డోడా,

నువ్వు పోతా పోతా నా చేతులు పట్టుకుని, "అక్కా, నీ కోరిక తీర్చినాను" అన్నావు. నీ కళ్ళలో నీళ్ళుండాయి. అవి నిజం నీళ్ళే. అందుకే ఆ పూట నేనేమీ అనలేకపోయినాను. ఇప్పుడు రాస్తా ఉన్నాను.

నువ్వు పట్టుపంచె తెచ్చినావు. చెంబుతో నీళ్ళు పోసినావు. పెద్దలు కూర్చున్నారు. ఆడవాళ్ళం వెనక నిలబడినాం, కాంచన నా చెయ్యి పట్టుకోనుండింది. సుందరరాజులు బావ, "చెప్పు కోదండం" అన్నాడు. ఇంక నా బిడ్డ ఇంటికొచ్చేస్తాడనుకున్నాను.

నువ్వు చేతులు జోడించి ఏమన్నావు? "చిన్నపిల్లాడు. ఆశపడినాడు. కారు చూసి మతి పోయింది. తప్పు చేసినాడు, దానికి ప్రాణమే ఇచ్చుకున్నాడు. ఆ తప్పు నా తలమీద వేసుకుంటాను, మీ కాళ్ళు పట్టుకుంటాను, క్షమించి వాడికి చోటివ్వండి." అని బావ కాళ్ళమీద పడినావు. అందరూ ఏడ్చినారు. ఇట్లాంటి మేనమామ ఎవరికి దొరుకుతాడు అన్నారు. బావ నిన్ను లేవనెత్తి, "పోనీలేవయ్యా, దొంగైనా మన రక్తమే" అన్నాడు. రాయి నిలబెట్టినారు. పసుపు పూసినారు. కాంచన నా చెయ్యి వదిలేసి పోయి బండిలో కూర్చునింది. నువ్వు చూసినావా?

నేను అరవాలనుకున్నాను. అరిచినా, మేనమామ మాట అయిపోయినాక తల్లి మాట ఎవరు వింటారు? మేనమామని చెప్పమన్నది నేనే కదా.

నేను రాయి అడిగినాను, నిజమే. ప్రతి జాబులో రాయి రాయి అని రాసినాను. నీకు రాయే కనిపించింది. నువ్వు అబద్ధమాడి సాధించినానని సంతోషపడలేదని నాకు తెలుసు. అక్కకి మేలు చేసినానని నిజంగానే అనుకుంటా ఉండావు. అదే నన్ను చంపుతా ఉండాది. ఇప్పుడు మా పాలేరు పిల్లలు కూడా అంటా ఉండారు, క్షమించిన దొంగ రాయి అని. ముందర పదిమంది అనింది, ఇప్పుడు ఊరంతా దయతో అంటా ఉండాది. ముందర కోపం వచ్చేది, పోట్లాడేదాన్ని. దయతో ఎట్ల పోట్లాడేది?

మూడో రోజు పొద్దున్నే గడ్డపార తీసుకుని తోపుకి పోయినాను. మట్టి ఇంకా పచ్చిగానే ఉండాది, సులువుగా వచ్చింది. రాయి పెకలించి, చెనక్కాయల గోనెలో వేసి ఈడ్చుకొచ్చినాను. దారిలో బావ ఎదురుపడినాడు. "నీకేమన్నా పిచ్చా వజ్రమ్మా? అంత బతిమాలించుకుని నిలబెట్టిస్తిమి, పీక్కుని పోతా ఉండావే!" అన్నాడు.

"ఇది నా కొడుకుది కాదు బావా" అన్నాను. "ఎవరో దొంగది. మనింట్లో దొంగ ఎవరూ చావలేదు."

ఆయన దారి వదిలి పక్కకి జరిగినాడు. ఊళ్ళో పిచ్చిది అంటా ఉండారు. అననీ. రాయి ఇప్పుడు గొడ్ల కొట్టంలో ఉండాది. పసుపు కడిగేసినాను. దానికి దణ్ణం పెట్టను, దీపం పెట్టను. ఆ పట్టుపంచె మడిచి ఈ జాబుతో పంపుతా ఉన్నాను. నా కొడుకు గట్టు మీద లేడు, ఇంట్లో లేడు. యాడ తిరుగుతా ఉండాడో. సాయంత్రమైతే వీధి తలుపు మూయడానికి మనసొప్పడం లేదు.

నిన్ను ఇంక ఏమీ అడగను. అడిగే ఓపిక పోయింది. నేను పోతే పుట్టింటి చీర నువ్వే తెచ్చి కప్పాల. వాణ్ణి పొమ్మన్నది నువ్వేనని గట్టు మీద ఉన్నది ఉన్నట్టు ఒప్పుకున్నాక అయితే తీసుకురా. లేకపోతే తేవద్దు, కట్టుకున్న గుడ్డతోనే పోతాను. మునిలక్ష్మికి కోపం లేదని చెప్పు. కాంచనని కొట్టవద్దు, తిట్టవద్దు. దాన్ని మాట్లాడమని బలవంతం చెయ్యవద్దు.

ఆ రోజు నువ్వు వంగి నీళ్ళు పోస్తా ఉంటే చూసినాను, మెడ ఎముకలు బయటపడినాయి. పంక్తిలో కూడా ఆకులో కెలికి లేచిపోయినావు. నువ్వు ఏం చేసినా నిన్ను పెంచింది ఈ చేతులే. పొద్దెక్కనీకుండా తిను. పెరుగన్నం మానవద్దు. కడుపునిండా తిను.

వజ్రమ్మ